తల దగ్గర దీపం

కోటబొమ్మాళి,
9-9-1968.

ప్రియమైన సుందరికి,

ఇక్కడ నీ బావ క్షేమం. నువ్వు, నీ కడుపులో ఉన్నవాళ్ళు, మావయ్య అక్కడ క్షేమమని తలుస్తాను. విశేషం ఒక్కటే. మీ నాన్న ప్రేమగా ఇచ్చిన కెమెరా నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తోంది.

కెమెరాకి వంక పెట్టను. ఆ టేకు పెట్టె, ఆ ఇత్తడి పనితనం చూడ్డానికే సంతకొచ్చినవాళ్ళు ఆగిపోతున్నారు. చిక్కంతా లెన్సుతోనే. అది లోపలికి పంపే వెలుతురు పిల్లికి కూడా చాలదు. స్టూడియో గది ఇంకా సిద్ధం కాలేదు కదా, అన్నీ ఆరుబయటే తీస్తున్నాను. బయట కళ్ళు చెదిరే ఎండ. నల్లగుడ్డ కప్పుకుని వెనకాల గాజుపలకలోకి చూస్తే బావిలోకి చూసినట్టుంటుంది. మనిషి ఉన్నాడని తెలుస్తుంది, తలకిందులుగా ఉన్నాడనీ తెలుస్తుంది, ముక్కెక్కడో మీసమెక్కడో మాత్రం తెలియదు. కెమెరా తోలుతిత్తిని ముందుకీ వెనక్కీ లాగి, అంచనా మీద లెన్సు మూత తీసి, మళ్ళీ వేసి ఫోటో తీస్తున్నాను. మొన్న బడి పంతులుగారి మొహం అలుక్కుపోయి, ఆయన వెనకున్న అరటిచెట్టు ఈనెలతో సహా వచ్చింది. ఆయన పటం అటూ ఇటూ తిప్పి, "బాబూ, ఈ పటం నాకెందుకు, అరటిసెట్టుకే ఇచ్చీ" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు.

వాళ్ళు నవ్వితే పడతాను. కానీ ఇప్పుడొక పెద్దింటి పని వచ్చింది. మనకి షాపు గది ఇచ్చిన నరసింగరావుగారికి మనవడు పుట్టాడని రాశాను కదా, వాడు ఈమధ్యే బోర్లా పడ్డాడట. పిల్లాడి తండ్రి గణపతిరావు మిలటరీలో ఉన్నాడు. కొడుకు మొహం ఇంతవరకూ చూడలేదు. ఆ ఫోటో సరిహద్దు దాకా పోవాలి. పిల్లాడి బదులు చాప అంచు వచ్చిందంటే నేను పెట్టె సర్దుకోవడమే.

మావయ్యని అడగడానికి మొహం చెల్లడం లేదు. ఫోకసు ఎలా కుదర్చాలో నీ అంతట నువ్వే అడిగినట్టు అడిగి రాయి.

నీ
సత్యానందం


విజయనగరం, కంటోన్మెంటు,
13-9-1968.

బావా,

అరటిచెట్టు సంగతి చదివి నవ్వాపుకోలేకపోయాను. లోపలున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి ఒక తన్ను తన్నారు.

నాన్ననడగక్కర్లేదు. ఆ నల్లగుడ్డ కింద దాగుడుమూతలాడుతూ పెరిగినదాన్ని, నాకు తెలియదా? నీకసలు ఓపిక లేదు. గుడ్డ కప్పుకోగానే గాజు చూస్తావు. అలా చూడకు. గుడ్డని మెడ కింద బిగించి పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకో. చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక తెరువు. భూతద్దం గాజుకి ఆనించి చూడు. అప్పటికీ కనపడకపోతే మొహం మీద ఫోకసు పట్టకు. దీపం మీద పట్టు.

ఇది నాన్న చిట్కా. మొహం ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ వెలిగించిన దీపం పెట్టించు. ఎంత మసక లెన్సయినా ఒత్తి మొనని దాచలేదు. అది సూదిలా కనపడిందంటే ఫోకసు కుదిరినట్టే, మర బిగించెయ్. చంటిపిల్లాడు కదా, ఒక్కచోట ఉండడు. అందుకని దీపాన్ని వెంటనే తీసెయ్యకు. వాణ్ణి పడుకోబెట్టాక కూడా తల పక్కనే ఉంచుకుని, వాడు జరిగితే దీపాన్నీ జరిపించుకుంటూ, చివర్లో తీయించు.

ఫోటో బాగా వస్తే సుందరి చెప్పిందని నలుగురికీ చెప్పాలి. చెప్పవని తెలుసు.

నీ
జ్ఞానసుందరి


కోటబొమ్మాళి,
1-10-1968.

ప్రియమైన సుందరికి,

ఫోటో తీశాను. అంతా బాగానే ఉంది. నువ్వు చెప్పినట్టే చేశాను. ఒత్తి మొన సూదిలా కనిపించింది.

ఇక్కడ వానలు. మనకోసం చూసిన ఇంటి సంగతి ప్రస్తుతానికి ఆపాను. పురుడయ్యాక కూడా నువ్వు కొన్నాళ్ళు అక్కడే ఉంటే మంచిది. తొందరేమీ లేదు. అంతా బాగానే ఉంది.

ఒక్క మాట. మావయ్య దీపం పెట్టి ఫోకసు చూసేటప్పుడు ఫోటో దిగడానికి వచ్చినవాళ్ళు ఎప్పుడైనా ఏమైనా అనేవాళ్ళా? ఊరికే అడుగుతున్నాను.

ఇకమీదట కార్డు రాయకు. కవరులో పెట్టి అంటించి పంపు. నాకోసం ప్రార్థన చెయ్యి. ఇక్కడ అంతా బాగానే ఉంది.

సత్యానందం


విజయనగరం,
3-10-1968.

బావా,

ఏమైంది?

బాగున్నప్పుడు నువ్వు బాగుందని రాయవు. గొప్పలు రాస్తావు. ఫోటో కుదిరితే రెండు పేజీల గొప్పలు రావాలి, నాలుగు ముక్కలు వచ్చాయి. నన్ను రావద్దంటున్నావు. కార్డు రాయద్దంటున్నావు. నీ ప్రశ్న నాన్నకి చదివి వినిపించాను. నాన్న టీ తాగుతున్నవాడల్లా గ్లాసు కింద పెట్టేశాడు.

"పిల్లాడు కూర్చున్నాడా, పడుకున్నాడా? దీపం ఎవరైనా చేత్తో పట్టుకున్నారా, నేల మీద పెట్టారా?" అని అడిగాడు. నేను నీకేం రాశానో చెప్పాను.  నాన్న ఎప్పుడూ కూర్చున్న మనిషి పక్కన ఒకరిని నిలబెట్టి, చేతికి కొవ్వొత్తి ఇచ్చి ఫోకసు చూసేవాడట. పడుకున్న మనిషి తల దగ్గర దీపం ఎప్పుడూ పెట్టలేదట. హిందువుల ఇళ్ళలో మనిషి పోయాకే అలా నేల మీద పడుకోబెట్టి తల దగ్గర దీపం పెడతారు. ఈ వీధిలో ఎన్నిసార్లు చూడలేదు నేను? తెలియక కాదు బావా. నాకు ఆ దీపం అంటే ఫోకసు, అంతే. నీకు రాసేటప్పుడు అది ఇంకొకరికి ఏమవుతుందో తట్టనే లేదు.

నేల మీద పెట్టావా? ఎవరైనా చూశారా? పిల్లాడెలా ఉన్నాడు? దాచకుండా రాయి. నువ్వు దాస్తే నేను ఊహించుకుంటాను, నా ఊహలు నీ నిజం కంటే ఘోరంగా ఉంటున్నాయి.

సుందరి


కోటబొమ్మాళి,
5-10-1968.

సుందరీ,

ఇంక దాచను. మావయ్యని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

ఆ రోజు నరసింగరావుగారి వాకిట్లో పందిరి కింద చాప పరిచారు. కొవ్వొత్తి పెట్టెలో వేసుకోవడం మర్చిపోయాను. దీపం కావాలన్నాను. పిల్లాడి తల్లి నీలవేణి దేవుడికి కాబోలనుకుని నూనె ప్రమిద వెలిగించి తెచ్చింది. చాప మీద పెట్టించి ఫోకసు పట్టాను. పిల్లాణ్ణి తెచ్చి బోర్లా పడుకోబెట్టారు. వాడు కాళ్ళు తన్నుకుంటూ పక్కకి జరిగాడు. నేను నల్లగుడ్డ కిందనుంచే, "దీపం తల దగ్గరికి జరపండి, ఇంకా దగ్గరికి" అని అరిచాను. ఎవరో జరిపారు. ఒత్తి మొన చక్కగా కుదిరింది. ఎంత సంతోషపడ్డానో! గుడ్డ కింద మనిషికి ఆ చిన్న వెలుగు తప్ప లోకం ఉండదు కదా. బయట ఆడవాళ్ళంతా మాటలు మానేశారని నేను గమనించలేదు. పిల్లాడు అలికిడి లేకుండా ఉన్నాడు, ఈ క్షణం పోతే మళ్ళీ దొరకదని, దీపం తీయించడం మరిచి కెమెరాలో గాజుప్లేటు పెట్టి మూత తీసి వేశాను. సరిగ్గా అప్పుడు పిల్లాడి నాయనమ్మ అసిరమ్మగారు వంటింట్లోంచి బయటికి వచ్చారు.

"ఓలమ్మో! బతికున్న గుంటడికి తలకాడ దీపమెట్టేసినార్రో!" అని ఒక్క కేక పెట్టారు. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ప్రమిదని కాలితో తన్నేశారు. పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని, "ఏటి సేసినావురా నా గుంటణ్ణి? ఎవలు సెప్తే సేసినావు?" అన్నారు. ఫోకసు కోసమమ్మా అన్నాను. ఫోకసంటే ఏమిటో ఆవిడకెలా చెప్పను?

మర్నాటికి పిల్లాడికి జ్వరం. దగ్గు. పాలు పట్టడం లేదు.

అప్పుడు నేను ఇంకో తెలివితక్కువ పని చేశాను. పిల్లాడు చక్కగా వచ్చాడని చూపిస్తే వాళ్ళ మనసు కుదుటపడుతుందనుకున్నాను. పటం అచ్చు వేసేదాకా ఆగకుండా కడిగిన ప్లేటు పట్టుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టాను. ప్లేటు మీద తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా తిరగబడి ఉంటాయని మనకి తెలుసు. వాళ్ళు చూసిందేమిటి? బొగ్గులాంటి మొహం, తెల్లటి జుట్టు, తల దగ్గర నల్లగా మండుతున్న దీపం. నీలవేణి అది చూసి వెనక్కి విరుచుకు పడిపోయింది.

ఆ సాయంత్రమే భూతవైద్యుడు సోములుని పిలిపించారు. అతను ప్లేటు వైపు చూసి, పిల్లాడి ప్రాణం ఆ గాజులో ఉందన్నాడు. గాజు పగిలితే పిల్లాడు పోతాడు, అలాగే ఉంచితే రోజురోజుకీ క్షీణిస్తాడు, పెట్టినవాడే తియ్యాలి అన్నాడు. పిల్లాణ్ణి ఊరి పొలిమేర దాటించకూడదన్నాడు. అందుకని ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళడం లేదు. చిల్లంగి అన్న మాట అప్పటినుంచి ఊరంతా పాకింది. ఇక్కడ ఆ మాటకెంత భయపడతారో నీకు తెలుసు. మంత్రం పెట్టి మనిషిని చంపడం. పక్క ఊళ్ళో ఒకతను చిల్లంగి పెట్టాడని మంత్రం నోట పలకకుండా పళ్ళు రాలగొట్టారు. అతన్ని నేను సంతలో చూశాను. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని బేరమాడుతున్నాడు. రోజూ పొద్దున పళ్ళు తోముకుంటుంటే నాకు అతనే గుర్తొస్తున్నాడు.

నరసింగరావుగారు షాపు తాళం తీసుకున్నారు. ఆయన అరవలేదు, తిట్టలేదు. "గుంటడు లేసి ఆడుకునేదాకా ఊరు దాటకు బాబూ. దాటితే ఈళ్ళని నాను ఆపలేను" అన్నారు. నేనుంటున్న చోట అరుగు మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటున్నారు. నేను బయటికొస్తే నాతోపాటు లేస్తున్నారు.

నిన్న నీలవేణి ఒక్కతే వచ్చింది. "బాబూ, నువ్వెట్టిందే అయితే తీసీ. ఎవలికీ సెప్పను. ఆళ్ళ నాన్న ఇంకా సూడనేదు" అని కాళ్ళ మీద పడిపోయింది. నేను పెట్టలేదమ్మా అంటే ఇంకా ఏడ్చింది. నేను పెట్టలేదంటే తీసేవాళ్ళు లేరని కదా అర్థం! ఒక్క క్షణం, నేనే పెట్టానమ్మా, తీసేస్తాను అందామనిపించింది. ఆమె ఏడుపు ఆగడానికి ఏదైనా అనేసేవాణ్ణి.

పారిపోతే ఒప్పుకున్నట్టే. ఉంటే ఆ పిల్లాడి ఊపిరి మీద నా ప్రాణం ఉంది. నువ్వు మాత్రం రాకు. నీ తప్పేం లేదు, ఆ సంగతి మనసులో పెట్టుకోకు.

సత్యానందం


విజయనగరం,
7-10-1968.

బావా,

నాన్న పోలీసుల దగ్గరికి పోదామంటున్నాడు. వద్దన్నాను. వాళ్ళొచ్చి పోతారు. పోయాక ఆ అరుగు మీదవాళ్ళు, నువ్వు మిగులుతారు. పిల్లాడు జ్వరంతో అలాగే ఉంటాడు.

నువ్వు కదలకు. ఎవరితోనూ వాదించకు. నేను వస్తున్నాను, నాన్న తోడొస్తాడు. వద్దని రాయకు, ఆ ఉత్తరం చేరేసరికి పాసింజర్లో ఉంటాను. ఈ స్థితిలో ప్రయాణమేమిటని నాన్న తిట్టాడు, ఇరుగుపొరుగు తిట్టారు. చెప్పింది నేను. పెట్టింది నువ్వు. ఇక్కడ కూర్చుని నేను అన్నం ఎలా తినను?

వచ్చి ఏం చేస్తానో నాకే తెలియదు. చాలా భయంగా ఉంది.  అయినా వస్తాను.

సుందరి


కోటబొమ్మాళి,
16-10-1968.

సుందరీ,

మీరిద్దరూ తిరిగి వెళ్ళాక, మొన్న పిల్లాణ్ణి ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారు. ఊపిరితిత్తులకి జలుబు దిగిందట, ఇంజక్షన్లు చేశారు. ఇంకా నాలుగు రోజులు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నాడట. ఇప్పుడు పాలు తాగుతున్నాడు, కేకలు పెడుతున్నాడు. నరసింగరావుగారు తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు. నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు.

నువ్వు చేసింది నీకు తెలుసు. కానీ నువ్వు కళ్ళు మూసుకుని పడుకున్నావు, చుట్టూ ఏం జరిగిందో చూడలేదు. నేను చూసింది రాయాలి, లేకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నువ్వు రైలు దిగి తిన్నగా వాళ్ళ వాకిట్లోకే నడిచావు. నన్ను పలకరించలేదు. నీలవేణిని పిలిచి, "ఆ రోజు తెచ్చిన దీపమే తే" అన్నావు. ఆమె భయపడుతూనే తెచ్చింది. పందిరి కింద అదే చోట, అంత పొట్టతో, ఒక చెయ్యి నేలకానించి కష్టపడి పడుకున్నావు. దీపం నీ చేత్తోనే నీ తల దగ్గర పెట్టుకున్నావు. మావయ్య అడ్డం పడబోతే ఆగమన్నావు. వాళ్ళ మాటలోనే, గట్టిగా, అందరికీ వినపడేలా అన్నావు: "ఆ దీపం ఇప్పుడు నా తలకాడున్నాది. వచ్చేదేదో నాకే వస్తాది. ఆ గుంటణ్ణి ఒగ్గీండి. ఆసుపత్రికి తీసుకెల్లండి." తర్వాత నావైపు తిరిగి, "కెమెరా తెచ్చి తియ్యి బావా. ఆ రోజు ఎలా తీశావో అలాగే" అన్నావు.

నరసింగరావుగారు గది తెరిపించారు. నేను కెమెరా నిలబెట్టి నల్లగుడ్డ కప్పుకున్నాను. చుట్టూ కర్రలు పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. గుడ్డ కింద వాళ్ళెవరూ నాకు కనపడరు, ఎవరు ఏ క్షణాన ఏం చేస్తారో తెలియదు. కళ్ళు మూసుకుని చీకటి అలవాటయ్యేదాకా ఆగాను, నువ్వు చెప్పినట్టే. తెరిచాక మొదట దీపం ఒక్కటే కనపడింది. ఆ తర్వాత మెల్లగా నీ నుదురు. ఆ తర్వాత తలకిందులుగా నీ పొట్ట, ఊపిరికి లేస్తూ పడుతూ. భూతద్దం ఆనించాను. వెలుగు రెండుగా కనపడుతోంది. ఫోకసు తప్పిందనుకుని మర తిప్పుతున్నాను, తిప్పుతున్నాను, కుదరడం లేదు. తప్పింది ఫోకసు కాదు. నేను ఏడుస్తున్నాను.

ఎలాగో మూత తీసి వేశాను. గుడ్డలోంచి బయటికి వచ్చేసరికి కర్రలవాళ్ళు దూరంగా జరిగిపోయి ఉన్నారు. సోములు ముందే వెళ్ళిపోయాడు. అసిరమ్మగారు మాత్రం నీవైపు చూస్తూ నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత ఒక్కసారిగా పిల్లాణ్ణి నీలవేణి చేతుల్లోంచి లాక్కుని, "బండి కట్టండర్రా" అన్నారు.

అంతా మంచే జరిగింది. అయినా ఒకటి చెప్పాలి. వీళ్ళు ఇంజక్షన్ వల్ల తగ్గిందనుకోవడం లేదు. నీ మీదికి పోయింది కాబట్టి పిల్లాడికి వదిలిందనుకుంటున్నారు. బజార్లో నన్ను చూసి ఆడవాళ్ళు నాలుక చప్పరిస్తున్నారు. నిన్నటిదాకా నన్ను కొట్టాలని చూసినవాళ్ళు ఇప్పుడు జాలిపడుతున్నారు.

సత్యానందం


విజయనగరం,
30-10-1968.

బావా,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. నాలుక చప్పరిస్తున్నారన్న మాట రాయకుండా ఉంటే బాగుండేది. రాయకపోయినా నాకు తెలిసేదిలే.

మొన్న నరసింగరావుగారింటి నుంచి మనిషి వచ్చాడు. అరటిగెల, బెల్లం, చోడిపిండి, నెయ్యి. అసిరమ్మగారు పంపారట. "తల్లికి ఏటి తినాలనుంటే అది ఎట్టమన్నారు. ఏదీ నేదనకండన్నారు" అని చెప్పాడు. అలా ఎవరికి పెడతారో నీకు తెలుసా? పోబోయేవాళ్ళకి. నాన్న ఆ గెలని వీధిలో పంచేశాడు. నేను ఒక్క పండు తినలేకపోయాను.

నాకు నమ్మకం లేదు బావా. మనకలాంటి నమ్మకాలు లేవు. వాళ్ళు పిల్లాణ్ణి వదలాలని, వాళ్ళకి అర్థమయ్యే మాట అన్నాను, అంతే. మరి అంత గట్టిగా ఎందుకన్నాను? నాకే వస్తుంది అన్నాను, కానీ నేను ఒక్కదాన్ని లేను కదా అప్పుడు! ఎవరి తరఫున అన్నాను ఆ మాట? లోపలున్న బిడ్డనడిగానా?

నిన్న పొద్దున్నుంచీ లోపల కదలిక లేదు. పడుకుని, లేచి, నడిచి, చల్లటి నీళ్ళు తాగి, ఎన్ని చేసినా లేదు. నాన్నకి చెప్పలేదు. చర్చికెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. ప్రార్థనకి మాటలు రాలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక ఒక చిన్న తన్ను తన్నింది. గోడ పట్టుకుని ఏడ్చేశాను.

నువ్వు రావద్దు. వస్తే నీ మొహం చూస్తాను. నీకూ భయంగా ఉందని తెలిసిపోతుంది. అప్పుడు నేను తట్టుకోలేను.

సుందరి


కోటబొమ్మాళి,
18-11-1968.

సుందరీ,

నువ్వు వద్దన్నావని ఆగాను. ఒక్క మాట రాయి, ఉన్న పళంగా బయల్దేరతాను.

ఇక్కడ అసిరమ్మగారు రోజూ పొద్దున్నే షాపు దగ్గరికి వస్తున్నారు. లోపలికి రారు. గుమ్మం బయట నిలబడి, "కబురేటైనా వచ్చినాదా బాబూ?" అంటారు. ఇంకా టైముందమ్మా అంటాను. తలూపి వెళ్ళిపోతారు. మనవణ్ణి నా ఎదుట ఎత్తుకోవడం మానేశారు. మొన్న నాకు ఒళ్ళు మండింది. "ఏం కబురు రావాలని చూస్తున్నారమ్మా?" అని అరిచాను. ఆవిడ తలూపి వెళ్ళిపోయారు. మర్నాడు మళ్ళీ వచ్చారు, అదే మాట అడిగారు.

ఆ రోజు తీసిన నీ ప్లేటు నేను కడగలేదు. డబ్బాలోనే ఉండిపోయింది. కడిగితే ఎలా ఉంటావో నాకు తెలుసు. నల్లటి మొహం, తెల్లటి జుట్టు. మనకి అది ప్లేటు, అంతే. ఎన్ని వందలు కడగలేదు నేను? అయినా చెయ్యి రాలేదు. నిన్న మిట్టమధ్యాహ్నం వీధి గుమ్మంలో నిలబడి డబ్బా మూత లాగి, ప్లేటుకి బాగా ఎండ తగిలించాను. ఇప్పుడు దాంట్లో ఎవరూ లేరు. మంచి ప్లేటు పాడుచేశానని మావయ్యకి చెప్పకు.

వచ్చే వారం కళింగపట్నంలో ఒక పెళ్ళి పని ఉంది. చెయ్యకపోతే కూర్చుని ఆలోచిస్తాను, అందుకని ఒప్పుకున్నాను. టెలిగ్రాము వస్తే ఎవరైనా కబురందిస్తారని నరసింగరావుగారింట్లో చెప్పి వెళ్తాను.

నువ్వు ధైర్యంగా ఉండమని రాయాలి. నాకు లేనిది నీకెలా పంపను? ఇద్దరం భయపడదాం, అంతే.

సత్యానందం


విజయనగరం,
28-11-1968.

బావా,

ఆడపిల్ల. బతికి ఉంది. నేనూ బతికి ఉన్నాను. ముందు ఈ రెండు ముక్కలు చదువుకుని, కూర్చుని, మిగతాది చదువు.

పుట్టగానే ఏడవలేదు. మంత్రసాని దాన్ని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి చరిచింది. ఒక్కసారి చరిచింది, రెండోసారి చరిచింది, చప్పుడు లేదు. అప్పుడు నేనేమనుకున్నానో నీకు కూడా చెప్పను. ఆ తర్వాత ఏడ్చింది. ఇంకా ఏడుస్తూనే ఉంది, ఎవరూ ఊరుకోబెట్టద్దన్నాను.

నాన్న నీకు టెలిగ్రాము ఇచ్చాడు. నువ్వు కళింగపట్నంలో ఉన్నావు కాబట్టి అది నరసింగరావుగారింటికి చేరింది. నీకు కబురందేలోపే అసిరమ్మగారు రైలెక్కేశారు. ఒక్కరే వచ్చారు. ఆవిడ జన్మలో ఒంటరిగా రైలెక్కి ఉండరు. విజయనగరంలో దిగి, నాన్న పేరు చెప్పి, ఫోటోల జ్ఞానానందంగారిల్లెక్కడని దారిపొడుగునా అడుగుతూ వచ్చారట.

గుమ్మం దగ్గరే ఆగిపోయి, "ఉన్నాదా?" అన్నారు.  ఆవిణ్ణి చూడగానే నాకు ఒళ్ళంతా కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ రోజూ నా చావు కబురు కోసం నీ గుమ్మంలో నిలబడ్డ మనిషి కదా! దుప్పటి తొలగించి బిడ్డని చూపించాను. దగ్గరికి వచ్చి దాని ముక్కు కింద అరచెయ్యి పెట్టి చూశారు. "ఓలమ్మ, ఎచ్చగా ఉన్నాది" అన్నారు. తర్వాత నేల మీద కూలబడి ఏడవడం మొదలెట్టారు.

"నీ బిడ్డ పోతాదని నాకు తెలుసే తల్లీ. తెలిసే నా గుంటణ్ణి ఎత్తుకుని బండెక్కినాను. వద్దు లేసీ అని నీకు సెప్పనేదు. సెప్పాలని నోటిదాకా వచ్చినాది, సెప్పనేదు" అన్నారు.

బావా, ఆవిడ ఇన్నాళ్ళూ రోజూ వచ్చింది అందుకు. ఆవిడ నమ్మకం ప్రకారం నా బిడ్డని ఇచ్చి తన బిడ్డని తీసుకుంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని, ఎవరికీ చెప్పుకోలేక, రోజూ వచ్చి ఇంకా పోలేదు కదా అని చూసుకుంది. మనిద్దరం కలిసి పడ్డ భయం ఆవిడ ఒక్కతే పడింది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. బిడ్డని ఆవిడ ఒళ్ళో పెట్టాను. "నేనైనా అదే చేసేదాన్నమ్మా" అన్నాను. నిజమే చెప్పాను.

ఆవిడ రేపు తిరిగి వస్తున్నారు. ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇస్తున్నాను. అందగానే వచ్చెయ్. నీ మొహం చూడాలి, భయంతో ఉన్నా సరే. దీని మొహం నీదేనంటున్నారు, నాకింకా ఏమీ తెలియడం లేదు. నాన్న ముక్కు వచ్చిందా, నీ మొండితనం వచ్చిందా నువ్వే చూసి చెప్పు.

నాన్న పొద్దున్నుంచీ పాత స్టాండు తుడుస్తున్నాడు. మనవరాలి మొదటి ఫోటో తనే తీస్తాడట. వద్దన్నాను. నా మీద అలిగి కూర్చున్నాడు. నువ్వు వచ్చి సర్దిచెప్పు.

బావా, నువ్వు కూడా కెమెరా తేకు.

నీ
సుందరి